నగర రైలు స్టేషన్లలో శాశ్వత కళాకృతుల ఏర్పాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త స్టేషను కడుతున్న సంస్థలు, పాత స్టేషనును బాగుచేయిస్తున్న ఇంజినీర్లు, అటువంటి చోట పని చేయాలనుకునే కళాకారులు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక ఆ విషయంలో స్థానిక న్యాయవాది సలహా తీసుకోవలసిందే. అయితే నేల కింది గోడ చెమ్మగిల్లడం, రైలు వచ్చేటప్పుడు గాలి తోసుకురావడం, లక్షల చేతులు ఒకే చోట తాకడం ఏ ఊళ్లోనైనా ఒకటే.

రైళ్లు వేళకు నడిస్తే చాలదా? స్టేషనులో కళాకృతి దేనికి?

మొదటి కారణం గుర్తు పట్టడం. నేల కింద ఉండే స్టేషన్లకు కిటికీలు ఉండవు. గోడలకు ఒకే రకం పలకలు, పైన ఒకే రకం దీపాలు ఉంటే బోర్డు చదివితే తప్ప ఏ స్టేషనుకు వచ్చామో తెలియదు. లండన్‌లో 1968లో మొదలైన విక్టోరియా లైనులో ప్లాట్‌ఫారం మీది బెంచీల వెనక ప్రతి స్టేషనుకూ ఒక ప్రత్యేకమైన బొమ్మను పలకలతో కూర్చారు. రైల్లో కూర్చున్నవారు తల తిప్పి చూస్తే చాలు, ఎక్కడ ఉన్నదీ తెలిసిపోతుంది.

రెండో కారణం దీనికన్నా పెద్దది. మ్యూజియంకు మనిషి తీరిక చూసుకుని, చూడాలనే కోరికతో వెళ్తాడు. స్టేషనుకు మాత్రం ఉద్యోగానికో, ఆసుపత్రికో, పరీక్షకో వెళ్తూ వస్తాడు, ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. టిక్కెట్టు కొని మ్యూజియం గడప తొక్కే అవకాశం జీవితంలో ఎన్నడూ రానివారికి కూడా రోజూ కళ ఎదురయ్యే చోటు ఇది. స్వీడన్‌లో వేరా నిల్సన్, సీరి డెర్కెర్ట్ అనే చిత్రకారిణులు 1950లలో స్టాక్‌హోమ్ మెట్రోలో కళకు చోటు ఇవ్వాలని పట్టుబట్టారు. ఇప్పుడు అక్కడి 100 స్టేషన్లలో 90కి పైగా ఏదో ఒక కళాకృతి ఉంది. టీ-సెంట్రాలెన్ స్టేషనులో 1975లో పెర్ ఊలోఫ్ ఉల్త్‌వెట్ రాతిగుహలాంటి కప్పు మీద నీలిరంగు తీగలను, ఆకులను పారించాడు. ఆ నీలంలోనే ఒక చోట స్టేషనును తవ్వి కట్టిన కార్మికుల ఆకారాలు కూడా కనిపిస్తాయి. ఆ పనికి సిసలైన పేరు అలంకారం కాదు, కృతజ్ఞత.

‘శాశ్వతం’ అంటే ఎన్నేళ్లు?

చాలా సంస్థలు కనీసం 25 ఏళ్లను లెక్కగా పెట్టుకుంటాయి. కొన్ని మాత్రం స్టేషను భవనం ఎంతకాలం ఉంటే అంతకాలమని రాసుకుంటాయి. ఒప్పందంలో ‘శాశ్వతం’ అనే ఒక్క మాట రాసి వదిలేయకుండా అంకె వేసి రాయించుకోవాలి. ఏ వస్తువుతో చేయాలో, ఎంత మందాన చేయాలో, ఏడాదికి ఎంత ఖర్చు పక్కన పెట్టాలో నిర్ణయమయ్యేది ఆ అంకెను బట్టే. మంచి వస్తువుతో, మంచి పనితనంతో చేస్తే ఈ లెక్కలను దాటి నిలుస్తుంది: మాస్కోలోని మయకోవ్‌స్కాయా స్టేషను కప్పులో అలెగ్జాండర్ డెయ్‌నెకా గీతల ప్రకారం 1938లో చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్‌లను ఈనాటికీ ప్రయాణికులు తలెత్తి చూస్తున్నారు.

కళాకారుణ్ని ఏ దశలో పిలవాలి?

వాస్తుశిల్పి మొదటి గీతలు గీస్తున్నప్పుడే పిలవాలి. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలని మా కోరిక.

సాధారణంగా జరిగేది వేరు. స్టేషను నిర్మాణం ముగింపుకు వస్తుంది, ప్రారంభోత్సవం తేదీ ఖరారవుతుంది, అప్పుడు ఎవరికో ఖాళీ గోడ ఒకటి కనిపిస్తుంది. ఆ గోడ మీద ‘ఏదైనా’ పెట్టమని కళాకారుణ్ని అడుగుతారు. ఆయన వచ్చి చూసేసరికి గోడ మధ్యలో అగ్నిమాపక గొట్టం పెట్టె ఉంటుంది, పక్కన విద్యుత్ ప్యానెల్ తలుపు ఉంటుంది, దీపాలు గోడ మీద కాకుండా నేల మీద పడుతుంటాయి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది గోడను నిలువునా చీల్చే విస్తరణ కీలు. పెద్ద కట్టడాలు వేడికీ చలికీ సాగి ముడుచుకుంటాయి కనుక, కాంక్రీటు పగలకుండా అక్కడక్కడా రెండు అంగుళాల వరకు సందు వదిలి మెత్తని పదార్థంతో నింపుతారు. మొజాయిక్‌ను ఆ సందు మీదుగా అతికిస్తే కొద్ది కాలానికే సరిగ్గా ఆ గీత వెంట పలకలు పగిలి రాలుతాయి. ఇదంతా ముందే తెలిసి ఉంటే బొమ్మనే ఆ గీత దగ్గర విడిపోయేలా కూర్చవచ్చు, లేదా ఇంజినీరే ఆ సందును పది అడుగులు పక్కకు జరపవచ్చు. కాంక్రీటు పోశాక రెండోది అసాధ్యం.

కళాకారుడు ముందే వస్తే గోడ మీద బొమ్మ పెట్టడం అనే ఆలోచన నుంచే బయటపడవచ్చు. స్టాక్‌హోమ్‌లోని ఎస్టర్‌మాల్మ్స్‌తోరి స్టేషనులో సీరి డెర్కెర్ట్ రేఖలు కాంక్రీటు గోడల్లోనే మలచి ఉన్నాయి. నేపుల్స్‌లో 2012లో తెరిచిన తొలేదో స్టేషనులో ఆస్కర్ తుస్కెట్స్ బ్లాంకా వాస్తురచన, రాబర్ట్ విల్సన్ వెలుగు పని, విలియం కెంట్రిడ్జ్ మొజాయిక్‌లు కలిసే సాగుతాయి. నీలి మొజాయిక్ పొదిగిన గోడల నడుమ ఎస్కలేటరు మీద కిందికి దిగుతుంటే పైనుంచి వెలుతురు బావిలోకి పడినట్టు పడుతుంది. అక్కడ భవనం ఎక్కడ ఆగిందో, కళ ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేము.

పాత స్టేషనులో పెట్టాలంటే?

పెట్టవచ్చు. అయితే గోడ వెనక ఏముందో తెలుసుకునే పరీక్షలకు, నీటి ఊట ఆపే పనికి విడిగా డబ్బు, సమయం కేటాయించుకోవాలి. నీరు ఊరే గోడ మీద ఎంత గొప్ప పని చేసినా నిలవదు.

స్టేషనులో ఏ చోటు మంచిది?

మనుషులు ఏ వేగంతో కదులుతున్నారన్న దాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. టిక్కెట్టు గేట్ల దగ్గర ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. అక్కడ చిన్న చిన్న వివరాలతో నిండిన పని పెడితే చూడరు, చూడటానికి నిలబడితే వెనకవారికి అడ్డం. ఒక్క చూపులో అందే పెద్ద రూపం అక్కడ సరిపోతుంది. ఎస్కలేటరు మీద మనిషి నిలబడి ఉంటాడు, దారి మాత్రం కదులుతుంది, కనుక ఒకదాని తర్వాత ఒకటిగా విప్పుకునే బొమ్మల వరుసకు అది తగిన చోటు. ప్లాట్‌ఫారం మీద వేచి ఉండే నిమిషాలు ఉంటాయి, అక్కడ దగ్గరికి వెళ్లి చూసే పని పెట్టవచ్చు. దూరంగా, పట్టాలకు అవతలి గోడ మీద పెట్టేది కనీసం ఒక పట్టా దాటి కనబడేంత పెద్దదై ఉండాలి, దాన్ని తుడవాలంటే రైళ్లు ఆగిపోయాక కరెంటు తీసి పట్టాల మీదికి దిగాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ప్రకటనల బోర్డుల పక్కన పెట్టవద్దని మా గట్టి సలహా. పక్కనే వెలుగుతూ మారే ప్రకటన ఉంటే ఏ కళాకృతీ నెగ్గలేదు. కళాకృతికి ఎన్ని అడుగుల దూరంలో ప్రకటనలు, అమ్మకపు యంత్రాలు, తాత్కాలిక పోస్టర్లు పెట్టకూడదో ఒప్పందంలోనే రాయించాలి. లేకపోతే ప్రారంభోత్సవం అయిన ఆరు నెలలకు మొజాయిక్ ముందు ఒక యంత్రం వచ్చి నిలబడుతుంది.

కళాకారుణ్ని ఎలా ఎంపిక చేయాలి?

మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: అందరికీ తెలిసేలా ప్రకటన ఇచ్చి దరఖాస్తులు కోరడం, కొందరిని మాత్రమే ఆహ్వానించి పోటీ పెట్టడం, ఒకరికి నేరుగా పని అప్పగించడం. ప్రజల డబ్బుతో చేసే పనికి మొదటిది న్యాయమైనది. చిన్న పనులకూ, చాలా ప్రత్యేకమైన నైపుణ్యం కావలసిన వాటికీ రెండోది నడుస్తుంది. మూడోదానికి కారణం ఏమిటో రాతపూర్వకంగా ఉండాలి.

మొదటి దశలో పూర్తి ప్రతిపాదన అడగకూడదు. గతంలో చేసిన పనుల చిత్రాలు, ఈ చోటు పట్ల ఆసక్తి ఎందుకో చెప్పే ఒక పేజీ, చేతికి వచ్చిన పనిని వేళకు పూర్తి చేశారనడానికి ఆధారాలు ఉంటే చాలు. వాటి నుంచి ముగ్గురినో ఐదుగురినో ఎంచి, వారికి స్టేషను చూపించి, ఇంజినీర్లతో మాట్లాడించి, ఆ తర్వాత నమూనాలు అడగాలి. ఎంపిక సంఘంలో కళ తెలిసినవారు ఎక్కువమంది ఉండాలి; వారితో పాటు వాస్తుశిల్పి, స్టేషను నడిపే అధికారి, ఆ పేట ప్రతినిధి ఉండాలి. శుభ్రత పనుల పర్యవేక్షకుడికి కనీసం మాట్లాడే హక్కు ఇవ్వాలి, ఎందుకంటే రేపటి నుంచి ఆ పనితో కాపురం చేసేది ఆయనే.

తుది పోటీలో నిలిచినవారికి నమూనాల కోసం డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి, గెలవనివారికి కూడా ఇవ్వాలి. నమూనా తయారు చేయడం వారాల తరబడి సాగే పని. దాన్ని ఉచితంగా అడిగితే, డబ్బు లేని యువ కళాకారులు తప్పుకుంటారు, పెద్ద స్టూడియోలు మాత్రమే మిగులుతాయి. ఎంపిక కాని నమూనా హక్కులు కళాకారుడివేనని, దానిలోని ఆలోచనను సంస్థ మరో చోట వాడుకోదని ముందే స్పష్టం చేయాలి.

ప్రయాణికుల అభిప్రాయాన్ని ఎప్పుడు అడగాలి? ఓటింగు పెట్టవచ్చా?

కళాకారుడు గీయడం మొదలుపెట్టక ముందే వారితో మాట్లాడాలి. ఆ చోటు చరిత్ర, అక్కడివారి పనులు, వారు మరచిపోకూడదనుకునేవి, వారిని నొప్పించేవి కళాకారుడి చెవిన పడాలి. ఆ తర్వాత మూడు బొమ్మలను ఇంటర్నెట్‌లో పెట్టి ఏది నచ్చిందో ఓటు వేయమనడం మాత్రం మంచి పద్ధతి కాదు. ఫోను తెర మీద బొటనవేలంత కనిపించే చిత్రాన్ని బట్టి 60 అడుగుల గోడను ఎంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. వినడం అందరి దగ్గరా జరగాలి, నిర్ణయం మాత్రం బాధ్యత వహించే సంఘం తీసుకోవాలి, తీసుకున్న కారణాలను బయటపెట్టాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత అవసరం?

చాలా దేశాల్లో నిర్మాణ వ్యయంలో కొంత శాతాన్ని కళకు కేటాయించాలనే నియమం ఉంది. ఫ్రాన్సులో 1951 నుంచి విద్యాలయాలతో మొదలై ఒక శాతం పద్ధతి నడుస్తోంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లో ఇటువంటి నియమం తెచ్చింది. సాధారణంగా ఈ కేటాయింపు అర శాతం నుంచి రెండు శాతం మధ్యన ఉంటుంది. నియమం లేని చోట దాతలు, వారసత్వ సంస్థలు ముందుకు రావచ్చు. దాత పేరు ఫలకం మీద ఉంటే చాలు, ఏ బొమ్మ వేయాలో చెప్పే హక్కు ఆ డబ్బుతో కొన్నట్టు కాదు.

మొత్తం అంకె చూసి కళాకారుడికి అంత ముడుతుందని అనుకునేవారు ఎక్కువ. నిజానికి ఆ మొత్తంలోంచే కళాకారుడి పారితోషికం, నిర్మాణ ఇంజినీరు ఫీజు, నమూనా పరీక్షలు, ముడిసరుకు, తయారీ, రవాణా, బీమా, పరంజా, రాత్రి పూట కూలి, దీపాలు, ఫోటోలు, పత్రాలు అన్నీ రావాలి. వీటిపైన అనుకోని ఖర్చులకు 10 నుంచి 15 శాతం విడిగా ఉంచాలి. పారితోషికాన్ని వేరే పద్దుగా చూపించమని కళాకారులకు మా సూచన. లేకపోతే ఉక్కు ధర పెరిగిన ప్రతిసారీ కోత పడేది కళాకారుడి చేతికి రావలసిన డబ్బుకే.

గోడ ఎలాగూ పూత పూయాలి, నేల ఎలాగూ పరవాలి. ఆ పూతకూ పరుపుకూ నిర్మాణ పద్దులో ఉన్న సొమ్మును కళాకృతి పద్దుకు కలపగలిగితే అదే డబ్బుతో ఎంతో ఎక్కువ సాధించవచ్చు. ఇది కూడా తొలి దశలో పిలిస్తేనే కుదురుతుంది.

ఏ పదార్థాలు నిలుస్తాయి?

గాజు మొజాయిక్, బాగా కాల్చిన పింగాణీ పలకలు, ఉక్కు రేకు మీద కాల్చిన ఎనామెల్ అనే గాజు పూత, గ్రానైటు, రాతి ముక్కలు కలిపి పోసి నునుపు చేసే టెరాజో, కంచు, స్టెయిన్‌లెస్ స్టీలు, పొరల గాజు స్టేషన్లలో పరీక్షకు నిలబడ్డాయి. వీటన్నిటిలో రంగు పైపూతగా కాకుండా పదార్థంలోనే, లేదా కొలిమిలో కాలిన పొరలో ఉంటుంది. గోడ మీద నేరుగా వేసిన రంగు, చెక్క, వస్త్రం, మామూలు ప్లాస్టిక్ నేల కింద నిలిచేవి కావు.

ఎందుకో తెలియాలంటే సొరంగపు గాలిని గమనించాలి. చక్రం పట్టాను ఒరుసుకున్నప్పుడు, బ్రేకు పట్టినప్పుడు సన్నని ఇనుప ధూళి లేస్తుంది. రైలు సొరంగంలో గాలిని ముందుకు తోస్తూ వస్తుంది కనుక ఆ ధూళి ప్రతి రైలుతోనూ ప్లాట్‌ఫారం మీదికి ఎగసి గోడల మీద నల్లగా పేరుకుంటుంది, చెమ్మ తగిలితే తుప్పు రంగుకు మారుతుంది. నునుపైన గాజు మీది ధూళి తడిగుడ్డతో పోతుంది. పలకల నడుమ నింపే సిమెంటు గ్రౌట్ మాత్రం దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్ల గ్రౌట్‌తో మెరిసిన మొజాయిక్ కొన్నేళ్లకు బూడిద రంగు వలలో చిక్కినట్టు కనిపిస్తుంది. మొదటి నుంచీ ముదురు బూడిద రంగు గ్రౌట్ ఎంచుకుని, దానికి అనుగుణంగా గాజు రంగులు నిర్ణయించుకుంటే ఆ మార్పే ఉండదు. ఎపాక్సీ అనే రసాయన జిగురుతో చేసే గ్రౌట్ మరక పట్టదు, పని చేయడం కష్టం, ఖరీదూ ఎక్కువ.

లోహపు పనుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. డీసీ కరెంటుతో నడిచే మార్గాల్లో కొంత కరెంటు పట్టాల నుంచి నేలలోకి, కట్టడపు ఇనుములోకి జారుతుంది, అది లోహాన్ని తినేస్తుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనినా అదే జరుగుతుంది. శిల్పానికీ దాని బిగింపులకూ మధ్య విద్యుత్తును ఆపే పొర ఉండాలని, ఎర్తింగు గురించి విద్యుత్ ఇంజినీరు సంతకం ఉండాలని పట్టుబట్టండి.

ప్రయాణికులు తాకితే?

తాకుతారు, తాకనివ్వాలి. మాస్కోలోని ప్లోషద్ రెవల్యూత్సీ స్టేషనులో 1938 నాటి మత్వేయ్ మనీజెర్ కంచు శిల్పాలలో సరిహద్దు కాపలాదారుడి పక్కన ఒక కుక్క ఉంది. అదృష్టం కలిసి వస్తుందని వచ్చేపోయేవారు దాని ముక్కు నిమురుతుంటారు. ఒళ్లంతా నల్లబడిన కంచులో ఆ ముక్కు ఒక్కటే బంగారంలా మెరుస్తూ ఉంటుంది. చేతికి అందే ఎత్తులో ఏది పెట్టినా ఆ స్పర్శకు తగిన మందం, గుండ్రటి అంచులు ఉండాలి. విరిచి పట్టుకుపోగల సన్నని ముక్కలు ఉండకూడదు. గీతలు, రాతలు చెరపగల పూతను నమూనా పలక మీద ముందే వేసి చూడాలి, ఎందుకంటే కొన్ని పూతలు రాయి రంగునే మార్చేస్తాయి.

అగ్నిభద్రత నియమాలు అంత కఠినంగా ఎందుకు?

1987 నవంబరు 18న లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషనులో చెక్క ఎస్కలేటరు కింద మొదలైన మంట 31 మంది ప్రాణాలు తీసింది. నేల కింద పొగకు వేరే దారి లేదు, మనిషికి ఉన్న దారి అదే పొగ వెళ్లే దారి. కనుక పదార్థం మండకూడదు, మండినా విషవాయువులు వదలకూడదు, కరిగి బొట్లుగా కారకూడదు. యూరప్‌లో ఈఎన్ 13501-1 ప్రమాణం ప్రకారం పదార్థాలకు తరగతులు ఇస్తారు, అమెరికాలో రవాణా మార్గాలకు ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే ప్రమాణం వర్తిస్తుంది. పలక ఒక్కటే కాదు, దాని వెనకి జిగురు, పైన పూత, మధ్యలోని వైరు కూడా పరీక్షలో నెగ్గాలి. కళాకారుడు ఎంచుకున్న జిగురు మారితే పరీక్ష మళ్లీ చేయించవలసి రావచ్చు. ఇక్కడ బేరం ఉండదు, ఉండాలని కోరుకోవడం కూడా తగదు.

దృష్టిలోపం ఉన్నవారికి, ఇతర ప్రయాణికులకు ఇబ్బంది లేకుండా ఏమి చూడాలి?

నేల మీద కాంతిలో పెద్ద తేడా ఉన్న అడ్డుచారలు వేస్తే చూపు తగ్గినవారికి అవి మెట్లలా కనిపిస్తాయి. లేత నేలలో నల్లటి మచ్చ గుంటలా తోస్తుంది. కర్రతో తడుముతూ నడిచేవారి కోసం పరిచిన బుడిపెల దారిని ఏ డిజైనూ తెంచకూడదు, దాని రంగును పోలిన రంగు చుట్టుపక్కల వాడకూడదు. గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చే శిల్పం కింది భాగం కర్రకు తగలాలి, లేదా తల తగలనంత ఎత్తులో ఉండాలి.

ప్లాట్‌ఫారం చివర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వెలుగులు రైలు నడిపేవారి కంట పడకూడదు, అవి సిగ్నళ్ల రంగులు. అద్దంలా మెరిసే తలాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. సెకనుకు మూడు సార్ల కన్నా ఎక్కువగా మిణుకుమనే కాంతి మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం. కళాకృతి నిఘా కెమెరా చూపుకు అడ్డం రాకూడదు, దాక్కునేందుకు మూల ఏర్పడకూడదు.

ఈ నియమాల పట్టిక చూసి నిరుత్సాహపడే కళాకారులను ఎంతోమందిని చూశాము. తాకి చూడగల ఉబ్బెత్తు పని, చెవికి అందే శబ్దం, చేతిపట్టీ వెంట సాగే గీత వంటి ఆలోచనలు పుట్టింది కూడా ఈ నియమాల నుంచే.

డిజిటల్ తెర శాశ్వత కళాకృతి అవుతుందా?

ఎల్‌ఈడీలకు సాధారణంగా 50,000 గంటల ఆయుష్షు చెబుతారు. రోజుకు 20 గంటలు వెలిగితే అది ఏడేళ్లు కూడా రాదు. తెరలు, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ మార్చడానికి ప్రతి ఏడేళ్లకూ నిధి ఉందని రాసి ఇచ్చే సంస్థ ఉంటేనే అది శాశ్వతమనాలి. లేకపోతే పరిమిత కాలపు ప్రదర్శనగా ఒప్పుకోవడం నిజాయితీ.

విద్యుత్ పనికి పోషణ కరువైతే ఏమవుతుందో టొరంటో చూసింది. యార్క్‌డేల్ స్టేషను కప్పు వెంట 1978లో మైకేల్ హేడెన్ అమర్చిన ‘ఆర్క్-ఆన్-సియెల్’ రంగురంగుల నియాన్ వెలుగుతో రైళ్ల రాకపోకలకు అనుగుణంగా స్పందించేది. పరికరాలు పాడవుతూ వచ్చాయి, 1990ల మధ్యకు దాన్ని తీసేశారు.

పని మొదలు నుంచి ప్రారంభం వరకు ఎంతకాలం పడుతుంది?

ఎంపికకు ఆరు నెలలు, డిజైను అనుమతులకు ఒక ఏడాది, తయారీకి మరో ఏడాది తక్కువ లెక్కే. స్టేషను పనులు ఆలస్యమైతే ఇదీ ఆగుతుంది. రాయ్ లిక్టెన్‌స్టీన్ న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ స్టేషను కోసం రూపొందించిన కుడ్యచిత్రం 1994లో తయారై, స్టేషను మరమ్మతులు ముగిసేదాకా వేచి ఉండి, 2002లో గోడకెక్కింది. ఆయన 1997లోనే కన్నుమూశారు. తయారైన పనిని భద్రపరచే గోదాము ఎవరిది, అద్దె ఎవరిది, బీమా ఎవరిది అనే మూడు మాటలు ఒప్పందంలో ఉండటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నడుస్తున్న స్టేషనులో బిగింపు పని అర్ధరాత్రి చివరి రైలు తర్వాత మొదలై తెల్లవారుజామున తొలి రైలుకు ముందే ముగియాలి. పరికరాలు దించి, ఎత్తి, నేల తుడిచే సమయం పోగా నికరంగా మిగిలేది రెండు మూడు గంటలే. కాంట్రాక్టరు ధర ఈ లెక్క మీదే చెప్పాలి.

కళాకృతి ఎవరి సొత్తు? దాన్ని మార్చే హక్కు ఎవరికి ఉంటుంది?

వస్తువు సాధారణంగా సంస్థ సొత్తు, కాపీరైటు కళాకారుడిది. ఫోటోలను టిక్కెట్ల మీద, కప్పుల మీద, ప్రచారంలో వాడుకోవాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. ఇవికాక నైతిక హక్కు ఒకటి ఉంది: తన పేరు చెప్పాలని, తన పనిని వికృతం చేయకూడదని అడిగే హక్కు. రచయితల, కళాకారుల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఇది 1928లో చేరింది.

దీన్ని తేలికగా తీసుకోకూడదు. టొరంటోలోని ఒక వ్యాపార సముదాయంలో మైకేల్ స్నో చేసిన ఎగిరే బాతుల శిల్పాలకు పండుగ అలంకారంగా ఎర్ర రిబ్బన్లు కడితే, 1982లో కోర్టు వాటిని విప్పించింది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ నుంచి అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి దెబ్బతీసిన వ్యవహారంలో, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇచ్చి 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని తీర్పు ఇచ్చింది. రిబ్బను కట్టడం, దీపం రంగు మార్చడం, పక్క గోడకు పెయింటు వేయడం కూడా కళాకారుడికి చెప్పి చేసే అలవాటు పెట్టుకుంటే ఏ కోర్టూ అక్కరలేదు.

ప్రారంభమయ్యాక ఎవరు చూసుకోవాలి?

పేరుతో సహా ఒక అధికారి. ‘నిర్వహణ విభాగం’ అని రాస్తే ఎవరూ చూసుకోరు.

కళాకారుడు పని అప్పగించేటప్పుడు నిర్వహణ పుస్తకం ఇవ్వాలి. ఏ పదార్థం, ఏ కంపెనీ, ఏ రంగు సంఖ్య, ఏ జిగురు, ఏ మర, ఎక్కడెక్కడ బిగింపులు, దేనితో తుడవాలి, దేనితో తుడవకూడదు అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ పుస్తకం అలమారాలో ఉంటే ప్రయోజనం లేదు. రాత్రి షిఫ్టులో నేల కడిగేవారికి అర్థమయ్యే భాషలో ఒక పేజీ రాసి, బొమ్మలతో వారి గదిలో అంటించాలి. మొజాయిక్ పాడైపోవడం చాలాసార్లు కింది వరుస నుంచే మొదలవుతుంది: నేల కడిగే యంత్రం అంచు గోడకు రోజూ అదే ఎత్తులో తగులుతుంది, దాని ఘాటైన ద్రావణం కింది రెండు వరుసల గ్రౌట్‌ను మెల్లగా కరిగిస్తుంది. జానెడు ఎత్తున గ్రానైటు పట్టీ వేసి, బొమ్మను దానిపై నుంచి మొదలుపెడితే ఆ సమస్యే రాదు.

తయారు చేసేటప్పుడే 5 నుంచి 10 శాతం పలకలు అదనంగా చేయించి, రంగుల వారీగా పెట్టెల్లో పెట్టి, అదే స్టేషనులో దాచాలి. ఇరవై ఏళ్ల తర్వాత అదే కొలిమి ఉండదు, ఉన్నా అదే రంగు రాదు. ఏడాదికొకసారి తనిఖీ, ఐదేళ్లకొకసారి సంరక్షణ నిపుణుడి పరిశీలన ఉండాలి. దీనికయ్యే సొమ్ము సంస్థ వార్షిక పద్దులో ప్రత్యేకంగా కనిపించాలి.

స్టేషనును విస్తరించవలసి వచ్చి కళాకృతి అడ్డమైతే?

లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషనుకు ఎడ్వర్డో పావొలోట్సీ 1980లలో మొజాయిక్‌లు రూపొందించారు. స్టేషనును పెద్దది చేసే పనుల్లో 2015లో ఎస్కలేటర్ల పైనున్న తోరణాలు పోయాయి, జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు. అధిక భాగం మొజాయిక్‌ను కాపాడి బాగుచేశారు, తొలగించిన ముక్కలు ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చేరాయి. నేరుగా గోడకు అతికించిన పనిని విడదీయడం ఎంత కష్టమో అందరికీ తెలిసి వచ్చింది.

అందుకని రెండు జాగ్రత్తలు చెబుతాము. వీలైన చోట కళాకృతిని గోడకు కాకుండా విప్పదీయగల పలకల మీద నిర్మించాలి. తొలగింపు పద్ధతిని మొదటి రోజే రాసుకోవాలి: ఎవరు నిర్ణయిస్తారు, కళాకారుడికి ఎన్నాళ్ల ముందు చెబుతారు, ముందుగా వెనక్కు తీసుకునే హక్కు ఎవరిది. అమెరికాలో 1990 నాటి చట్టం, భవనం నుంచి చెడకుండా విడదీయగల పనుల విషయంలో కళాకారుడికి 90 రోజుల వ్యవధి ఇస్తుంది. చట్టం లేని చోట కూడా ఆ వ్యవధి సబబైనదే.

పని మధ్యలో కళాకారుడు మరణిస్తే?

ఆమోదం పొందిన గీతలు, రంగుల పట్టిక, కొలతలు ఉంటే పూర్తి చేయవచ్చు. సోల్ లెవిట్ 2007లో మరణించారు. న్యూయార్క్ కొలంబస్ సర్కిల్ స్టేషనులో 250 పింగాణీ పలకలతో ఆయన రూపొందించిన పని 2009లో పూర్తయింది. సూచనలు ఇచ్చి ఇతరుల చేత చేయించడం ఆయన పద్ధతే కనుక అక్కడ ఇబ్బంది రాలేదు. చేతిపని మీదే ఆధారపడే కళాకారులు మాత్రం తమ తర్వాత ఎవరు నిర్ణయాలు తీసుకోవాలో ఒప్పందంలో పేరు రాయాలి.

ఇంతవరకు స్టేషనులో పని చేయని కళాకారుడు దరఖాస్తు పెట్టవచ్చా?

తప్పక పెట్టవచ్చు. మీ చిత్రం మీరే పలకల్లో పొదగనవసరం లేదు. ఆ పని చేసే కార్ఖానాలు ఉన్నాయి, చాలామంది చిత్రకారులు వారితోనే పని చేశారు. ఏ కార్ఖానాతో చేస్తారో దరఖాస్తులో రాసి, వారి నుంచి అంచనా ధర జతచేస్తే ఎంపిక సంఘానికి ధైర్యం వస్తుంది. దరఖాస్తుకు ముందు ఆ మార్గంలో ఉదయం రద్దీలో ఒకసారి, రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి ప్రయాణించి, మనుషులు ఎక్కడ నిలబడుతున్నారో, ఎటు చూస్తున్నారో గమనించండి. కంప్యూటరులో గీసిన అందమైన ఊహాచిత్రం కన్నా, అసలు పదార్థంతో చేసిన అడుగు చదరం నమూనా ఎక్కువ మాట్లాడుతుంది. దాన్ని ఆ స్టేషను దీపాల కిందే పెట్టి చూపించండి, పగటి వెలుతురులో ఎంచుకున్న ఎరుపు అక్కడ గోధుమ రంగుగా కనిపించవచ్చు.

పేరు ఫలకం ఎక్కడ పెట్టాలి?

కళాకృతికి తాకకుండా, చక్రాల కుర్చీలో కూర్చున్నవారు కూడా చదవగల ఎత్తులో పెట్టాలి. కళాకారుడి పేరు, పని పేరు, సంవత్సరం, పదార్థం, తయారు చేసిన కార్ఖానా పేరు రాయాలి. బ్రెయిలీలోనూ రాయించాలి.